కదిలే బొమ్మలు – నిలిచే ప్రతులు

ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట గ్రామం తోలుబొమ్మల కళకు పేరెన్నిక గన్నది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావును భారత ప్రభుత్వం 2020లో పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. తెల్లని తెర వెనుక, దీపం వెలుగులో ఒకరు బొమ్మను ఆడిస్తారు. ఒకరు పద్యం అందుకుంటారు. మరొకరు వాద్యం వాయిస్తారు. ఆట ముగియగానే బొమ్మలన్నీ పెట్టెలోకి చేరుతాయి. పలువురు కలిసి చేసే కళకు ఉమ్మడి భాండాగారం ఎంత అవసరమో ఆ పెట్టె తెలియజేస్తుంది.

నేటి యానిమేషన్ కూడా కదిలే బొమ్మల కళయే. అయితే ఈ బొమ్మలు అంకెల రూపంలో కంప్యూటరులో నివసిస్తాయి. చలనచిత్రంలో సెకనుకు 24 చిత్రాలు, అనగా నిమిషానికి 1,440 చిత్రాలు కంటి ముందు కదులుతాయి. అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు గల ఒక చిత్రాన్ని కుదించకుండా భద్రపరిస్తే సుమారు 62 లక్షల బైట్లు అవుతుంది. ఆ లెక్కన ఒక్క నిమిషపు దృశ్యానికే దాదాపు 9 గిగాబైట్ల చోటు కావాలి. ఇందులో ఒకరు పాత్ర ఆకృతిని మలుస్తారు; ఒకరు దానికి కీళ్లు అమరుస్తారు; ఒకరు రంగులు అద్దుతారు; మరొకరు దానిని నడిపిస్తారు.

ఇందరూ ఎవరి ఫైళ్లను వారు తమ కంప్యూటరులోనే దాచుకుంటే ‘చివరిది’, ‘సరిచేసిన చివరిది’, ‘అసలైన చివరిది’ వంటి పేర్లు పుట్టుకొస్తాయి. ఉదయం ఒకరు సవరించిన ముఖాన్ని, పాత ప్రతిపై పనిచేస్తున్న మరొకరు సాయంత్రానికి తెలియకుండానే చెరిపివేస్తారు. ఎన్నో రోజుల శ్రమ చప్పుడు లేకుండా మాయమవుతుంది.

ఈ చిక్కు తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. ఒక తాళపత్ర ప్రతిని చూసి మరొకటి రాసుకున్న కాలంలో ఒకే పద్యానికి అనేక పాఠాంతరాలు ఏర్పడ్డాయి. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి చెందిన పలు ప్రతులను సేకరించి, వాటిని పోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఏ మార్పును ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో లేఖకులు నమోదు చేసి ఉంటే ఆ పండితుల శ్రమ ఎంతో తగ్గేది.

ఫైళ్ల రూపాంతరాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఆ నమోదునే చేస్తుంది. ఇటువంటి సాధనం 1972లోనే బెల్ లాబొరేటరీస్‌లో రూపొందింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ సృష్టించిన ‘గిట్’ నేడు లోకమంతటా వాడుకలో ఉంది. కళాకారుడు తన పనిని సర్వర్‌కు అప్పగించిన ప్రతిసారీ దానికి కొత్త సంఖ్య, చేసినవారి పేరు, సమయం వాటంతట అవే చేరుతాయి. పాత ప్రతి చెరగదు. కావలసినపుడు వెనుకకు వెళ్లవచ్చు. హిందూపురం సమీపంలోని లేపాక్షి ఆలయ నిర్మాణంతో విరుపణ్ణ పేరు శాశ్వతమైంది. దాని కప్పుపై కుంచె పట్టినవారి పేర్లు లోకానికి అందలేదు. ఈ పద్ధతిలో ప్రతి గీతకూ కర్త పేరు నిలుస్తుంది.

అయితే అక్షరాల ఫైలుకూ, బొమ్మల ఫైలుకూ ఒక భేదం ఉన్నది. ఇద్దరు చేసిన సవరణలను వ్యాసంలోనైతే వరుసల వారీగా కలపవచ్చు. బొమ్మలో అది సాధారణంగా సాధ్యపడదు. అందుచేత ఒకరు పనిచేస్తున్నంతసేపు ఆ ఫైలుకు తాళం పడుతుంది. ఇతరులు దానిని చూడగలరు గాని మార్చలేరు.

అన్ని రూపాంతరాలనూ దాచితే చోటు చాలదు. దీనికి ధర్మవరం మగ్గమే దారి చూపుతుంది. జకార్డు మగ్గంపై అంచు నమూనా అంతా రంధ్రాలు గల అట్టలలో ఉంటుంది. చీర అమ్ముడుపోయినా అట్టలు ఉంటే అదే అంచును మళ్లీ నేయవచ్చు. అలాగే ఆకృతి, కీళ్లు, రంగులు, కదలికల మూల ఫైళ్లను పదిలపరచి, వాటినుండి మళ్లీ తయారు చేసుకోదగిన మధ్యంతర చిత్రాలను గడువు తీరగానే తొలగించేలా సర్వర్‌ను ఏర్పాటు చేస్తారు.

ఉమ్మడి భాండాగారం ఒక్కటే ఉంటే ప్రమాదమూ ఉమ్మడిదే. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ నిర్మిస్తుండగా, పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞ వల్ల చిత్రపు ఫైళ్లలో అధికభాగం తుడిచిపెట్టుకుపోయింది. రక్షణ ప్రతులను తెరిచి చూస్తే అవీ సక్రమంగా లేవు. ఇంటి నుండి పనిచేస్తున్న గేలిన్ సస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి కంప్యూటరులో ఒక ప్రతి మిగిలి ఉండటంతో చిత్రం గట్టెక్కింది. 1999లో అది విడుదలైంది. రెండు డిస్కులపై ఒకేసారి రాసే ఏర్పాటు యంత్రం చెడిపోతే ఆదుకుంటుంది. కాని చెరిపిన ఫైలు రెండింటిలోనూ చెరిగిపోతుంది. కనుక వేరొక చోట వేరొక ప్రతి ఉండితీరాలి. 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరం విజయనగరం పాడుపడినా, పెనుకొండ దుర్గం ఉన్నందున రాజ్యం మరికొంత కాలం నిలిచింది. దూరాన ఉన్న ప్రతి పెనుకొండ వంటిది.

ప్రతిరాత్రి మనుష్య ప్రమేయం లేకుండా ప్రతులు తీసే ఏర్పాటు నేడు సులభమే. కాని ఆ ప్రతులను అప్పుడప్పుడు తెరిచి, పాత దృశ్యాన్ని తిరిగి రప్పించి చూడటం మనిషి బాధ్యత. పరీక్షించని రక్షణ ప్రతి, నీరుందో లేదో చూడకుండా నమ్ముకున్న బావి వంటిది. కరవు సీమలో పుట్టి పెరిగినవారికి ఆ మాట వేరుగా వివరించనక్కరలేదు.