నర్సింగ్ కళాశాల ఎంపిక: చేరకముందు పరిశీలించవలసిన అంశాలు

ఉపోద్ఘాతం

నర్సింగ్ సీటు కోసం పొలం తాకట్టు పెట్టి, బంగారం కుదువపెట్టి ఫీజు కట్టే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. కోర్సు ముగిశాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాకపోతే, ఆ చదువుతో నర్సుగా పనిచేసే అర్హత రాదు. మీరు స్వయంగా ఈ కోర్సులో చేరకపోయినా మీ చెల్లెలికో, కూతురికో సలహా చెప్పవలసి రావచ్చు. ఈ పాఠ్యభాగం చదివిన తరువాత ఒక కళాశాల నాణ్యతను మీరే అంచనా వేయగలుగుతారు.

1. కోర్సు ఏది?

నర్సుగా నమోదుకు దారితీసే ప్రధాన కోర్సులు మూడు: 2 సంవత్సరాల ఏ.ఎన్.ఎం., 3 సంవత్సరాల జి.ఎన్.ఎం., 4 సంవత్సరాల బి.ఎస్సీ. నర్సింగ్. వీటి ప్రమాణాలను 1947 నాటి చట్టం కింద ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిర్ణయిస్తూ వచ్చింది. దాని స్థానంలో జాతీయ కమిషన్‌ను ఏర్పరచే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. సంస్థల పేర్లు మారినా మీరు అడగవలసిన ప్రశ్నలు మారవు.

'ఆరు నెలల నర్సింగ్' వంటి కోర్సులు సహాయకుల పనికి ఉపయోగపడవచ్చు గాని, నమోదిత నర్సు అర్హతను ఇవ్వవు. దూరవిద్య విద్యార్థులు మరొక విషయం గమనించాలి. ప్రాథమిక నర్సింగ్ కోర్సును ఇంట్లో కూర్చుని చదవడం కుదరదు. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రవేశపెట్టిన పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. వంటివి ఇప్పటికే నమోదై, పనిచేస్తున్న నర్సుల కోసం ఉద్దేశించినవి.

2. గుర్తింపు ఉందా?

గోడమీద వేలాడే పాత ధ్రువపత్రం చాలదు. గుర్తింపును ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి, అన్ని సీట్లకు అని విడివిడిగా చూడాలి. జి.ఎన్.ఎం.కు గుర్తింపు ఉన్న సంస్థకు బి.ఎస్సీ.కి కూడా ఉన్నట్టు కాదు. కౌన్సిళ్ల వెబ్‌సైట్లలో జాబితాలను మీరే చూడండి. బి.ఎస్సీ. అయితే విశ్వవిద్యాలయ అనుబంధం కూడా చూడాలి: ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. పొరుగు రాష్ట్రంలో చేరదలిస్తే అక్కడి కౌన్సిల్‌ను, విశ్వవిద్యాలయాన్ని విచారించాలి.

3. రోగులు ఉన్నారా?

నర్సింగ్ రోగి మంచం పక్కన నేర్చుకునే విద్య. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలన్నది కౌన్సిల్ ప్రమాణం. ఏడాదికి 60 సీట్ల చొప్పున నాలుగేళ్లకు 240 మంది విద్యార్థులు ఉంటారు. ఒక రోజున వారిలో సగం మంది వార్డుల్లో ఉంటే, 120 మందికి 360 మంది రోగులు కావాలి. కనుక 'ఎన్ని పడకలు?' అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. 'నిన్న ఎంతమంది ఇన్‌పేషెంట్లు ఉన్నారు? నెలకు ఎన్ని కాన్పులు జరుగుతాయి?' అని అడగండి. కాన్పులే లేని ఆసుపత్రిలో విద్యార్థి రికార్డు పుస్తకం చూచిరాతతోనే నిండుతుంది. ఆ నష్టం ఆమెకే కాదు, రేపు ఆమె చేతిలో పడే తల్లీబిడ్డలకు కూడా.

4. అధ్యాపకులు ఉన్నారా?

పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు అన్నది ప్రమాణం. పై కళాశాలకు 24 మంది ఉండాలి. తనిఖీ రోజున కనిపించే పేర్లు వేరు, రోజూ తరగతికి వచ్చేవారు వేరు. ముందుగా చెప్పకుండా పనిరోజున వెళ్లి, రెండవ, మూడవ సంవత్సరం విద్యార్థులతో మాట్లాడండి. 'వార్డులో మీకు ఎవరు నేర్పుతారు?' అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విషయాలు తెలుపుతుంది. 'కాలేజీకి రానక్కరలేదు, హాజరు మేము చూసుకుంటాం' అనే సంస్థను వెంటనే వదిలేయండి.

5. ఫలితాలు, ఫీజులు

'నూరు శాతం ఉత్తీర్ణత' అన్న ప్రకటనను లెక్క వేసి చూడాలి. 60 మంది చేరి, 45 మంది మాత్రమే చివరి పరీక్ష రాసి, అందరూ పాసైతే ప్రకటనలో అది నూరు శాతమే. చేరినవారితో పోల్చితే 75 శాతం. అందువల్ల ఎంతమంది చేరారు, వారిలో ఎంతమంది సకాలంలో పూర్తిచేసి నమోదయ్యారు అని అడగండి. ట్యూషన్, హాస్టల్, పరీక్ష, యూనిఫాం, రవాణా ఖర్చులన్నీ నాలుగేళ్లకూ కలిపి రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోండి.

సారాంశం

కోర్సు, గుర్తింపు, రోగులు, అధ్యాపకులు, ఫలితాలు – ఈ క్రమంలోనే పరిశీలించండి. మొదటి రెండింటిలో ఏది లోపించినా ముందుకు వెళ్లనక్కరలేదు. మిగిలిన మూడింటిని కళాశాలల మధ్య పోల్చి చూడండి. అడ్వాన్సు కట్టకముందే ఈ పని పూర్తి కావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గుర్తింపును ఏయే అంశాలవారీగా చూడాలి?
2. ఏడాదికి 40 సీట్లున్న బి.ఎస్సీ. కళాశాలకు ఎంతమంది అధ్యాపకులు కావాలో లెక్కించండి.
3. మీ జిల్లాలోని ఒక నర్సింగ్ కళాశాలను ఎంచుకొని, ఈ ఐదు అంశాల ఆధారంగా ఒక పేజీ నివేదిక రాయండి.