గాయములు, పుండ్లు, పూతినాశకములు

ఆలంపూరు ప్రాంతపు నల్లరేగడి పొలములలో పనిచేయువారికి కొడవలి తగులుట, కాలిలో తుమ్మముల్లు దిగుట క్రొత్త కాదు. వేలు తెగినవారు పసుపో, సున్నమో, గడ్డిచేమంతి పసరో అద్ది, గుడ్డపేలిక చుట్టుకొని మరల పనిలో దిగుదురు. చాలమందికి కొలది దినములలో గాయము మానిపోవును. కొందరికి అది వాచి, ఎఱ్ఱబారి, సలుపు పెట్టి చీము పట్టును. మధుమేహము గలవారి పాదముపై నట్టి చిన్న గీతయే నెలల తరబడి మానని పుండై, తుదకు కాలు తీసివేయవలసిన స్థితికి తెచ్చుటయు కలదు. గాయము చెడకుండుటకు మందు ఎంతవరకు తోడ్పడును?

తెరచియున్న ప్రతి గాయములోను సూక్ష్మజీవులుండును. అవి యున్నంత మాత్రమున గాయము చెడినట్లు కాదు. రక్తములోని తెల్లకణములు వానిని మ్రింగివేయుచుండును. సూక్ష్మజీవుల బలము తెల్లకణముల శక్తిని మించినప్పుడే గాయము చెడును. చచ్చిన తెల్లకణములు, సూక్ష్మజీవులు, కరిగిన కండ కలిసినదే చీము. గాయములో మట్టి, పుల్ల, చచ్చిన కండ మిగిలియున్నచో సూక్ష్మజీవులకు ఆహారమును, దాగుచోటును దొరకును. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఆలంపూరును ముంచెత్తినది. అట్టి వరదనీటిలో బురద, పేడ, మురుగు కలిసియుండును. దానిలో నడచువారి కాలిపై నున్న చిన్న గీత కూడ చెడు నవకాశము హెచ్చు.

పూతి యనగా కుళ్ళు. దానిని అరికట్టు మందులు పూతినాశకములు. వాడుకలో వీనిని యాంటిసెప్టిక్కులందురు. 1865లో గ్లాస్గో నగరమున జోసెఫ్ లిస్టరు అను శస్త్రవైద్యుడు, ఎముక విరిగి చర్మము చీలిన గాయములకు కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డలు కట్టెను. అంతకు పూర్వము అట్టి గాయములు కుళ్ళి, కాలో ప్రాణమో పోవుట సామాన్యము. లిస్టరు చికిత్సచే పెక్కుమందికి రెండును దక్కెను. 1867లో ఆయన ఈ ఫలితములను ప్రకటించెను.

ఇట్లనగా, మందు ఎంత ఘాటుగా నున్న అంత మంచిదని తలచుట పొరపాటు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అలెగ్జాండరు ఫ్లెమింగు ఫ్రాన్సులోని బులోన్ సైనిక వైద్యశాలలో పనిచేసెను. ఆయన గాజుగొట్టమునకు సన్నని కొమ్ములు సాగదీసి, లోతైన గాయమునకు నమూనా తయారుచేసెను. దానిలో పూతినాశకము నింపి తీసివేసినను, కొమ్ముల కొనలలో సూక్ష్మజీవులు బ్రతికియేయుండెను. అంతేకాక, ఆ మందులు సూక్ష్మజీవుల కంటె తెల్లకణములకే ఎక్కువ హాని చేయుచున్నవని ఆయన గుర్తించెను. మందునకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. తరువాత 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్నది ఈ ఫ్లెమింగే.

నేడు గాయములకు వాడు పూతినాశకములలో ముఖ్యమైనది పొవిడోన్ అయొడిన్. దీనిలో అయొడిన్ మరియొక పదార్థముతో ముడిపడియుండి, కొంచెము కొంచెముగా విడుదలయగును. అందుచే పాత టించరు అయొడిన్ వలె మండదు. ఇది సూక్ష్మజీవులను అనేక విధముల దెబ్బతీయును గనుక అవి దీనికి అలవాటుపడుట అరుదు. అయినను థైరాయిడ్ వ్యాధి గలవారు, గర్భిణీలు వైద్యుని అడిగియే దీనిని వాడవలెను. స్పిరిటును, హైడ్రోజన్ పెరాక్సైడును తెరచియున్న గాయములో మాటిమాటికి పోయుట తగదు. అవి మానుచున్న లేతకండను చెఱచును.

క్రొత్త గాయమునకు మొదటి చికిత్స శుభ్రమైన నీరే. శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి నెత్తురు ఆపి, చేతులు సబ్బుతో కడుగుకొని, త్రాగుటకు పనికివచ్చు నీటిని ధారగా పోసి మట్టిని, నలుసులను పోగొట్టవలెను. మురికి సోకిన గాయమునకు పిదప పూతినాశకము రాయవచ్చును. శుభ్రమైన కట్టు కట్టవలెను. బూడిద, పేడ, కాఫీపొడి వంటివి పెట్టరాదు. మట్టిలోను పేడలోను ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవుల బీజములు ఉండును. ఇవి సామాన్య పూతినాశకములకు లొంగవు. వీని నుండి రక్షణ ధనుర్వాతపు టీకాయే.

మానని పుండు సంగతి వేరు. మధుమేహముచే పాదపు నరములు మొద్దుబారి నొప్పి తెలియదు. రక్తనాళములు సన్నగిలి, కండకు చాలినంత రక్తము అందదు. పుండులో సూక్ష్మజీవులు జిగురుపొరను అల్లుకొని దాని చాటున నివసించును. ఆ పొరను, చచ్చిన కండను వైద్యుడు తొలగించిననే గాని మందు లోపలికి చేరదు. పుండుపై బరువు పడకుండ చూడవలెను. రక్తములోని చక్కెరను అదుపున ఉంచవలెను. పుండు చెడినదని వైద్యుడు నిర్ణయించినచో పూతినాశకమును కొలదికాలము వాడించును. చెడు లోపలికి ప్రాకినచో యాంటిబయాటిక్ మందులు ఇచ్చును. చెడుగుణములు లేని మధుమేహపు పుండును మాన్పుటకే పూతినాశకము పోయుచుండుటవలన మేలు కలుగునని రుజువు కాలేదు. కారణమును వదలి నెలల తరబడి దానినే పోయుచున్న దినములు గడచును గాని పుండు మానదు.

ఎఱుపు గాయము చుట్టును వ్యాపించుట, వాపు, దుర్వాసన, జ్వరము, చుట్టును చర్మము నల్లబడుట: వీనిలో ఏది కనిపించినను జాగు చేయక వైద్యశాలకు పోవలెను. మధుమేహము గలవారు నొప్పి లేదని ఊరకుండరాదు. వట్టి కాళ్ళతో పొలమునకు పోక, ప్రతిదినము నిద్రకు ముందు అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను చూచుకొనవలెను. కంటికి కనబడనిచో ఇంటివారిచేత చూపించుకొనవలెను. గీతగా నున్నప్పుడే కనుగొన్న గాయమునకు నీరు, కట్టు, వైద్యుని సలహా సాధారణముగా చాలును. కాలు తీసివేయు దుస్థితి రాకుండ చూచుకొనుట ఆనాడే సులభము.