పల్లె చందాతో ఒలింపిక్స్‌కు... కుస్తీవీరుడు జాదవ్ కథ

సంక్రాంతికో, గ్రామదేవత పండుగకో మన పల్లెల్లో సంగిడి రాళ్ల పోటీలు పెడితే జనం విరగబడి చూస్తారు. గెలిచిన కుర్రాడి భుజాన తువ్వాలు కప్పుతారు, చేతిలో నోటు పెడతారు, చప్పట్లు కొట్టి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. మళ్లీ ఏడాది వరకు ఆ కుర్రాడి సంగతి ఎవరికీ పట్టదు. అతని బలం ఊరి పొలిమేర దాటాలంటే కండ ఒక్కటే చాలదు. దారి ఖర్చులు కావాలి. నేర్పేవాడు కావాలి. అన్యాయం జరిగితే అడిగే పెద్దదిక్కు కావాలి. ఇవి దొరికితే పల్లెటూరి బిడ్డ ఎంత దూరం పోగలడో, దొరకకపోతే దేశం ఏం పోగొట్టుకుంటుందో తెలియాలంటే ఖాశాబా దాదాసాహెబ్ జాదవ్ కథ వినాలి.

1952లో ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకీ నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడల్లో ఫ్రీస్టైల్ కుస్తీలో ఆయన కాంస్య పతకం గెలిచారు. స్వతంత్ర భారతదేశానికి జట్టుగా కాక ఒంటరిగా ఒకరు తెచ్చిన తొలి ఒలింపిక్ పతకం అదే. అంతకు ముందు 1900లో పారిస్‌లో నార్మన్ ప్రిచర్డ్ పరుగు పందాల్లో రెండు రజత పతకాలు గెలిచినా అది తెల్లవారి పాలన నాటి మాట. స్వాతంత్ర్యం వచ్చాక హాకీ జట్టు బంగారు పతకాలు తెస్తూనే ఉంది. కాని పదకొండు మంది కలిసి ఆడే ఆట వేరు. ఒక్కడే గోదాలో దిగి దేశం పేరు నిలపడం వేరు.

కృష్ణమ్మ పుట్టిన జిల్లా

జాదవ్ 1926 జనవరి 15న మహారాష్ట్రలోని సతారా జిల్లా, కరాడ్ తాలూకా, గోళేశ్వర్ గ్రామంలో పుట్టారు. మన తెలుగునేలను తడిపే కృష్ణా నది పుట్టింది కూడా ఆ సతారా జిల్లాలోని మహాబలేశ్వరంలోనే. అయిదుగురు అన్నదమ్ముల్లో ఆయన ఆఖరివాడు. తండ్రి దాదాసాహెబ్ స్వయంగా పహిల్వాను. కొడుకుకు అయిదేళ్లు రాగానే మట్టిలో దింపి పట్లు నేర్పడం మొదలుపెట్టారు. కరాడ్‌లోని తిలక్ హైస్కూల్లో చదువు, పొద్దుటా సాయంత్రం కసరత్తు. ఇదే ఆయన బాల్యం.

ఆ ప్రాంతాల్లో కుస్తీ అంటే తిరునాళ్ల వినోదం ఒక్కటే కాదు, గౌరవంతో కూడిన విద్య. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజు కుస్తీకి పెద్ద ప్రోత్సాహం ఇచ్చారు. వేలమంది కూర్చుని చూసేందుకు ఖాస్‌బాగ్ అనే గోదాను అక్కడ కట్టించారు. జాదవ్ పై చదువులకు ఆ కొల్హాపూర్‌లోని రాజారాం కాలేజీలోనే చేరారు. చదువుతో పాటు కుస్తీ కూడా అక్కడే ముదిరింది.

మనిషి చూడబోతే పొట్టి. సుమారు అయిదున్నర అడుగులు. కాని పట్టు దొరికితే వదిలేవాడు కాదు. ధాక్ అనే పట్టులో ఆయనది అందెవేసిన చెయ్యి. ఎదుటివాడి తలను చంకలో బిగించి, నడుము తిప్పి నేలకు విసరడం ఆ పట్టు రహస్యం.

మట్టి నుంచి మ్యాట్ మీదికి

1948లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లే అవకాశం వచ్చింది. ఖర్చులు కొల్హాపూర్ మహారాజు భరించారు. అయితే అక్కడికి వెళ్లాక అసలు చిక్కు తెలిసింది. మన పహిల్వాన్లు నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా చేసిన ఎర్రమట్టిలో వట్టికాళ్లతో పట్లు పడతారు. ఒలింపిక్స్‌లో కుస్తీ దళసరి మ్యాట్ మీద జరుగుతుంది. కాళ్లకు బూట్లు ఉంటాయి. మట్టిలో కాలు దిగబడి నిలదొక్కుకుంటుంది. మ్యాట్ మీద ఆ ఆసరా ఉండదు. మన గోదాలో ఎదుటివాడి వీపు నేలకు ఆనిస్తేనే గెలుపు, అంతవరకు ఎంతసేపైనా పెనుగులాడవచ్చు. అక్కడ గడియారం చూసి పోటీ ఆపుతారు. వీపు ఆనకపోయినా ఎవరిది పైచేయి అని న్యాయనిర్ణేతలు తేలుస్తారు.

ఒలింపిక్స్‌లో కుస్తీ రెండు రకాలు. గ్రీకో రోమన్ కుస్తీలో నడుముకు పైభాగంలోనే పట్టు పట్టాలి. ఫ్రీస్టైల్‌లో కాళ్లు కూడా పట్టుకోవచ్చు. మన దేశీయ కుస్తీకి ఈ ఫ్రీస్టైలే దగ్గర.

అంతకు ముందు మ్యాట్ అలవాటు లేని జాదవ్‌కు లండన్‌లో రీస్ గార్డ్నర్ అనే అమెరికన్ మాజీ ఛాంపియన్ మెళకువలు నేర్పారు. ఆ కొద్దిపాటి శిక్షణతోనే ఆయన 52 కిలోల తరగతిలో ఆరో స్థానం సంపాదించారు. పతకం రాలేదు. కాని తన లోపం ఎక్కడుందో తెలుసుకుని ఇంటికి వచ్చారు. తర్వాత నాలుగేళ్లు కసరత్తు పెంచి, బరువు పెంచి 57 కిలోల తరగతికి మారారు.

ఎంపిక దగ్గరే మెలిక

1952 ఒలింపిక్స్‌కు ఎంపిక కావడమే ఆయనకు మొదటి గండం. మద్రాసులో జరిగిన పోటీల్లో నిరంజన్ దాస్ అనే మల్లుడి చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడినట్టు ప్రకటించారు. తీర్పు న్యాయంగా లేదని జాదవ్ నమ్మారు. మరొకరైతే తలరాత అనుకుని ఇంటిదారి పట్టేవారు. ఆయన ఊరుకోలేదు. అప్పట్లో భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షుడిగా ఉన్న పాటియాలా మహారాజుకు మొర పెట్టుకున్నారు. కుస్తీ అంటే ప్రాణం పెట్టే ఆ మహారాజు మళ్లీ పోటీ పెట్టించారు. ఈసారి పాయింట్ల లెక్కతో పని లేకుండా జాదవ్ ఎదుటివాడిని చిత్తు చేశారు. ఎంపిక ఖాయమైంది.

ఇల్లు తాకట్టు పెట్టిన ప్రిన్సిపాల్

తర్వాత డబ్బు సమస్య. 1948లో ఆదుకున్న సంస్థానం అప్పటికి లేదు. దేశంలో విలీనమైపోయింది. ప్రభుత్వం నుంచి అవసరానికి తగిన సాయం అందలేదు. హెల్సింకీ ఎక్కడో ఉత్తర ధ్రువం వైపు ఉన్న ఊరు. అక్కడికి పోయి రావడానికి వేలల్లో ఖర్చు. జాదవ్, ఆయన కుటుంబం ఊరూరా తిరిగి చందాలు అడిగారు. గోళేశ్వర్ గ్రామస్థులు, చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఎవరికి తోచినంత వారు ఇచ్చారు.

అయినా చాలలేదు. అప్పుడు రాజారాం కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డీకర్ ముందుకు వచ్చారు. తన ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేల రూపాయలు తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు. 1952లో ఏడు వేలంటే చిన్న మొత్తం కాదు. శిష్యుడు ఓడి వస్తే ఆ ఇల్లు ఏమవుతుందో ఆయనకు తెలుసు. అయినా వెనుకాడలేదు.

హెల్సింకీ గోదాలో

1952 జూలైలో జరిగిన ఆ పోటీల్లో జాదవ్ మొదట కెనడాకు చెందిన ఏడ్రియన్ పోలిక్విన్‌ను, తర్వాత మెక్సికోకు చెందిన లియొనార్డో బసుర్టోను చిత్తు చేశారు. జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ ష్మిట్జ్‌ను న్యాయనిర్ణేతల తీర్పుతో గెలిచారు. ఇక మిగిలింది ఉద్దండులు. జపాన్‌కు చెందిన షొహాచి ఇషీ ఒకరు, సోవియట్ రష్యాకు చెందిన రషీద్ మమెద్‌బెకోవ్ మరొకరు.

ఆనాటి పద్ధతిలో ఒక్కసారి ఓడినంత మాత్రాన ఇంటికి పంపేవారు కాదు. ఓడినవారి ఖాతాలో తప్పు మార్కులు వేసేవారు. చిత్తు చేయకుండా గెలిచినా ఓ మార్కు పడేది. అవి పరిమితికి చేరినవారే పోటీ నుంచి తప్పుకోవాలి. చివరిదాకా నిలిచిన ముగ్గురిలో జాదవ్ ఒకరు. ఇషీ చేతిలో, మమెద్‌బెకోవ్ చేతిలో ఆయన ఓడిపోయారు. ఇషీకి బంగారం, మమెద్‌బెకోవ్‌కు వెండి, జాదవ్‌కు కంచు పతకం దక్కాయి.

ఈ ఓటమి వెనుక ఓ బాధాకరమైన మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు పోటీల మధ్య మల్లుడికి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలన్నది నిబంధన. అలసిపోయి ఉన్న జాదవ్‌ను వెంటనే మళ్లీ గోదాలోకి పిలిచారట. ఇదేం న్యాయమని అడగడానికి ఆ సమయంలో మనవైపు అధికారి ఒక్కరూ దగ్గర లేరట. ఊరు చందా ఇచ్చింది, గురువు ఇల్లు తాకట్టు పెట్టాడు. ఆ వేళకు అధికారి ఒక్కడు పక్కన నిలబడి ఉంటే పతకం రంగు మారేదేమో!

అదే పోటీల్లో కొల్హాపూర్ ప్రాంతానికే చెందిన కేశవ్ మంగవే 62 కిలోల తరగతిలో నాలుగో స్థానం పొందారు. అంటే అతికొద్దిలో మరో పతకం చేజారిందన్న మాట.

151 ఎడ్లబండ్ల ఊరేగింపు

పతకంతో తిరిగి వచ్చిన జాదవ్‌కు కరాడ్ రైల్వేస్టేషన్ దగ్గర 151 ఎడ్లబండ్లు ఎదురు వచ్చాయి. డప్పులతో, బాణాసంచాతో ఊరేగించారు. మామూలుగా పావుగంటలో పోయే దారి ఆ రోజు ఏడు గంటలు పట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. దేశ రాజధాని హాకీ జట్టు గెలుపు సంబరంలో ఉంది. ఈ పొట్టి మల్లుడిని భుజాల మీద మోసింది పల్లె జనమే.

సన్మానాలు ముగిశాక జాదవ్ చేసిన పని ఊరేగింపు కంటే గొప్పది. కొల్హాపూర్‌లో కుస్తీ పోటీలు పెట్టించి, తానూ గోదాలో దిగి, వచ్చిన డబ్బుతో ప్రిన్సిపాల్ అప్పు తీర్చారు. గురువు ఇల్లు గురువుకు దక్కింది. పతకం పెట్టెలో పెట్టుకుని, మళ్లీ మట్టి పూసుకుని బాకీ తీర్చిన వీరుడాయన.

ఖాకీ దుస్తుల్లో

1955లో ఆయన పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ కోసం తయారవుతుండగా మోకాలికి దెబ్బ తగిలింది. దానితో ఒలింపిక్ ఆశ ముగిసింది. పోలీసు ఉద్యోగంలో 27 ఏళ్లు పనిచేసి అసిస్టెంట్ కమిషనర్‌గా పదవీ విరమణ చేశారు. ఆ తర్వాత పింఛను కోసం కూడా తిరగవలసి వచ్చింది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు జ్యోతి పరుగులో ఆయనకు చోటు ఇచ్చారు. రెండేళ్లు తిరక్కుండానే, 1984 ఆగస్టు 14న కరాడ్ సమీపంలో రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు.

బతికుండగా ఆయనకు పద్మ పురస్కారం రాలేదు. అర్జున అవార్డూ రాలేదు. మరణించిన పదహారేళ్లకు, 2000 సంవత్సరానికి గాను అర్జున ప్రకటించారు. 2010లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ క్రీడా ప్రాంగణంలో కుస్తీ హాలుకు ఆయన పేరు పెట్టారు. మెడలో దండ పడవలసిన మనిషికి గోడ మీద పేరు మిగిలింది.

నలభై నాలుగేళ్ల ఖాళీ

ఒక పతకవీరుడిని మరిచిపోతే నష్టం ఆయన కుటుంబానికే అనుకుంటే పొరపాటు. జాదవ్ తర్వాత ఒంటరిగా మరో భారతీయుడు ఒలింపిక్ పతకం అందుకోవడానికి 44 ఏళ్లు పట్టింది. 1996లో అట్లాంటాలో టెన్నిస్ ఆటగాడు లియాండర్ పేస్ ఆ ఖాళీ పూరించారు. కుస్తీలో రెండో పతకానికైతే 56 ఏళ్లు ఆగవలసి వచ్చింది. 2008లో బీజింగ్‌లో సుశీల్ కుమార్ కాంస్యం తెచ్చారు. ఆ నడుమ రెండు తరాల పహిల్వాన్లు మట్టి గోదాల్లోనే ముసలివాళ్లయ్యారు. మ్యాట్ కొనిచ్చేవాడు, నేర్పేవాడు, టిక్కెట్టు తీసిచ్చేవాడు లేక ఎందరు వెనకబడ్డారో లెక్క వేసినవారు లేరు.

తర్వాత దారి తెరుచుకుంది. 2012 లండన్‌లో సుశీల్ రజతం, యోగేశ్వర్ దత్ కాంస్యం తెచ్చారు. 2016లో రియోలో సాక్షి మలిక్ కాంస్యం గెలిచి ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మల్లురాలయ్యారు. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో రవి దహియా రజతం, బజరంగ్ పునియా కాంస్యం గెలిచారు. 2024 పారిస్ క్రీడల్లో అమన్ సెహ్రావత్ కాంస్యం గెలిచింది 57 కిలోల తరగతిలో. సరిగ్గా 72 ఏళ్ల కిందట జాదవ్ గెలిచిన బరువే అది!

మన జిల్లాకూ చెప్పే మాట

ఈ కథ మనకు దూరపుది కాదు. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచే. దేశమంతా పేరుమోసిన మల్లుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం కూడా 2022లో జిల్లాలు విడిపోయే వరకు మన జిల్లాలోదే. బలానికి ఈ నేలలో కొరత ఎప్పుడూ లేదు.

కొరత ఉన్నదల్లా బలమున్న బిడ్డను గుర్తుపట్టే కన్నుకు, ముందుగా చెయ్యి వేసే మనసుకు. గోళేశ్వర్ పల్లె ధనవంతుల ఊరేమీ కాదు. అయినా పతకం వచ్చాక దండలు వెయ్యడం కాక, రాకముందే చందా వేసింది. ఓ పంతులుగారు ఇల్లు పందెం కాశారు. ఈ ఏడు పండుగకు సంగిడి ఎత్తే కుర్రాడి చేతిలో నోటు పెట్టేటప్పుడు, గోదాలో తొడగొట్టే పిల్లవాడికి తువ్వాలు కప్పేటప్పుడు, మర్నాడు వాడు ఎక్కడ నేర్చుకుంటాడో, దారి ఖర్చు ఎవరిస్తారో కూడా ఊరి పెద్దలు ఓ మాట అనుకుంటే మంచిది.