సున్నమా, రంగా? గోడనే అడగండి

సంక్రాంతికి ముందు గోడలకు సున్నం కొట్టించడం తెలుగు పల్లెల ఆనవాయితీ. అయితే హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తాయి. అందువలన పండుగ నాటికి గోడలలో చెమ్మ మిగిలి ఉండవచ్చు. రంగు ఎంచుకొనే ముందు గోడను పరీక్షించడం మేలు.

మట్టితో, సున్నంతో కట్టిన పాత గోడ తేమను పీల్చుకొని వెలుపలికి విడుస్తుంది. దానిపై దట్టమైన ఎమల్షన్ పూస్తే తేమకు దారి మూసుకుపోయి, రంగు పొక్కి ఊడిపోతుంది. అట్టి గోడకు సున్నమే తగినది.

సిమెంటు గోడకు ఎమల్షన్ మన్నుతుంది. కొత్త ప్లాస్టరింగు అయితే కనీసం 28 రోజులు ఆగాలి. పాత గోడను అరచేతితో రుద్దినప్పుడు తెల్లని పొడి అంటితే, ఆ సున్నాన్ని గీకి, కడిగి, ఆరనివ్వాలి. ఆపై ప్రైమరు ఒక పూత, ఎమల్షన్ రెండు పూతలు వేయించాలి.

చెమ్మ తెలియాలంటే ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు నీటి బిందువులు కనబడితే, ఎమల్షన్ పనిని ఎండలు ముదిరే వరకు ఆపడమే లాభం.

పూతలు ఎన్ని, సామాను ఎవరిది, గీకుడు కూలి అందులో కలిసినదా అన్నవి మేస్త్రీతో ముందే కాగితంపై వ్రాయించుకోవాలి.