కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు ఏ లెక్కలో ఉన్నారు?

పోయినేడు మా అత్తయ్యగారు గుంటూరు నుంచి ఆరు నెలల వీసా మీద ఇంగ్లండులో మా ఇంటికి వచ్చారు. పార్కు మా ఇంటికి పది నిమిషాల నడకే. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి, మధ్యలో ఓసారి కూర్చుంటే గానీ నడవలేరు. దారిలో ఒక్క బెంచీ లేదు. రెండుసార్లు ఎవరింటి గోడకో ఆనుకుని నిలబడ్డారు. మూడోసారి "నేను రాలేనులే అమ్మా, మీరెళ్లి రండి" అనేశారు. ఇక తిరిగి వెళ్లేదాకా కిటికీ దగ్గరే.

అంతకు ముందే మా వీధి దీపస్తంభానికి కౌన్సిల్ వాళ్ల నోటీసు కట్టి ఉంది. రోడ్డు బాగుచేస్తున్నాం, మీ అభిప్రాయం రాయండి అని. నైట్ డ్యూటీ హడావుడిలో చూసీ చూడనట్టు వెళ్లిపోయాను. పనులు పూర్తయ్యాక చూస్తే కార్లు ఆపుకునే చోటు పెరిగింది, బెంచీ మాత్రం రాలేదు. ముందు కోపం వచ్చింది. తర్వాత నామీద నాకే సిగ్గేసింది.

ఎందుకంటే నేను నర్సుని. చార్టులో రాయని పని చేయని పని కిందే లెక్క అని కొత్తవాళ్లకి చెప్పేది నేనే. పేషంట్లు ఎక్కడ, ఏ వేళకి పడిపోతున్నారో వార్డులో రాసి పెడతాం. బాత్రూముకి వెళ్లే దారిలో, తెల్లవారుజామున అని తేలితే అక్కడ లైటు పెట్టిస్తాం, ఆ వేళకి ఒక మనిషిని ఉంచుతాం. ఊరి ప్లానింగులో డేటా ఎనాలిసిస్ అనేదీ ఇదే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో లెక్క చూసుకుని, ఆ తర్వాత డబ్బు ఖర్చుపెట్టడం.

ఆస్ట్రియా రాజధాని వియన్నా ఈ పని ఎప్పుడో చేసింది. 1990ల్లో అక్కడి పార్కుల్లో ఎవరు ఆడుకుంటున్నారో పరిశీలించారు. తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు బాగా తగ్గిపోతున్నారని, మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారని తేలింది. ఉన్న ఒక్క మైదానాన్నీ అబ్బాయిలు ఆక్రమించుకుంటే అమ్మాయిలు పోట్లాడకుండా తప్పుకుంటున్నారన్నమాట. 1999లో రెండు పార్కుల్ని మార్చారు. నడకదారులు వేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ కోర్టులు పెట్టారు, పెద్ద మైదానాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీశారు. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు.

అదే ఏడాది అక్కడివాళ్లని రోజూ ఎలా ప్రయాణం చేస్తారని అడిగారు. మగవాళ్లలో ఎక్కువమంది ఐదు నిమిషాల్లో ఫారం నింపేశారు. పొద్దున ఆఫీసుకి, సాయంత్రం ఇంటికి, అంతే కదా! ఆడవాళ్లు మాత్రం రాస్తూనే ఉన్నారట. పిల్లల్ని బడిలో దింపడం, డాక్టరు దగ్గరికి, సరుకులకి, అమ్మని చూసి రావడం... ఆ రాతల వల్లే చాలాచోట్ల పేవ్‌మెంట్లు వెడల్పు చేశారు, లైట్లు పెంచారు, రోడ్డు దాటే చోట్లు సరిచేశారు.

నాకు తట్టింది ఒక్కటే. రోడ్డుకి అడ్డంగా రబ్బరు గొట్టం పరిస్తే కార్ల లెక్క దానంతటదే వస్తుంది. కానీ ఇంట్లో ఆగిపోయిన మనిషిని ఏ యంత్రం లెక్కపెట్టదు. వచ్చినవాళ్లనే లెక్కిస్తే మా అత్తయ్యగారు ఆ ఊళ్లో లేనట్టే. రానివాళ్ల సంగతి మనం చెప్పాల్సిందే.

ఈసారి పార్కు గురించి నోటీసు రాగానే మేం నలుగురం కూడబలుక్కున్నాం. వారం రోజులు బడి వదిలే వేళ ఆ దారిలో నిలబడి నోటుబుక్కులో గీతలు పెట్టాం: పిల్లల బండితో ఎందరు, కర్రతో ఎందరు, ఎక్కడ ఆగుతున్నారు అని. మీ ఇంట్లో పార్కుకి రానివాళ్లు ఎవరు, ఎందుకు రావట్లేదు అని కూడా అడిగాం. పేర్లు, అడ్రసులు రాసుకోలేదు. ఫారంతోపాటు ఆ లెక్క పంపాం. "పరిశీలిస్తాం" అని జవాబొచ్చింది. బెంచీ వస్తుందో రాదో చూడాలి. కనీసం ఈసారి మేం అడగలేదని ఎవరూ అనలేరు.

మీ వీధిలో నోటీసు కనిపిస్తే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. గడువు తేదీ పైన రాయండి. ఇంగ్లీషు ఫారం కష్టమైతే అడగండి, కలిసి నింపుదాం. వేసవికి మా అత్తయ్యగారు మళ్లీ వస్తున్నారు.