బతుకమ్మకు బంతి పూయట్లేదా?

డాబా మీద కుండీలో బంతి నడుము దాకా ఏపుగా పెరిగింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. మొగ్గ మాత్రం లేదు. ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకో నెలే! కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా పూల మొక్కలు పెంచేవాళ్లకు ఇదే బెంగ.

చాలాసార్లు తప్పు యూరియాదే. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకులే వేస్తుంది, పూత మరుస్తుంది. వెంటనే ఆపేయండి. కుండీని రోజుకు కనీసం 6 గంటలు ఎండ తగిలే చోటికి మార్చండి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. రాత్రంతా వీధిలైటు వెలుగు పడినా పెద్ద బంతికి పూత ఆలస్యమవుతుంది. కొమ్మలు రావాలంటే నాటిన నెలకే కొస తుంచాలి. పండుగ ముందు తుంచితే మొగ్గలు ఇంకా వెనకబడతాయి.

ఎంగిలిపూలకు అందకపోయినా, తొమ్మిదో రోజు సద్దులకైనా మీ బంతి అందొచ్చు. అప్పటిదాకా తంగేడు, గునుగు ఉండనే ఉన్నాయి కదా!