ఎస్ప్రెస్సో యంత్రమునకు ప్రత్యేకమైన గింజలు కావలెనా?

కాఫీ అంగళ్ళలో కొన్ని సంచులపై “ఎస్ప్రెస్సో గింజలు” అని ముద్రించి యుండును. ప్రక్కనే సాధారణమైన కాఫీ గింజల సంచులును ఉండును. ఇంట వాడుకొనుటకు చిన్న ఎస్ప్రెస్సో యంత్రమును కొన్నవారికి అప్పుడొక సందేహము కలుగుట సహజము. మామూలు గింజలు వేసినచో యంత్రము చెడునా? పానీయము రుచి తప్పునా? ఈ ప్రశ్నకు జవాబు వృక్షశాస్త్రములో కంటె భౌతిక, రసాయన శాస్త్రములలోనే ఎక్కువగా దొరకును.

పేరు గింజది కాదు, పద్ధతిది

ఎస్ప్రెస్సో అను కాఫీ మొక్క లోకమున లేదు. సంతకు వచ్చు కాఫీ దాదాపు అంతయు అరబికా, రోబస్టా అను రెండు జాతులది. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతము, రోబస్టాలో సుమారు 2.2 శాతము ఉండును. ఈ రెండింటిలో దేనితోనైనను ఎస్ప్రెస్సో తీయవచ్చును. అరకులోయలో గిరిజన రైతులు పండించు అరబికాకును, వయనాడు రోబస్టాకును 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఇవియు ఈ యంత్రమునకు తగినవే. భారతదేశపు కాఫీని విశేషముగా కొనుచున్న దేశములలో ఎస్ప్రెస్సోకు పుట్టినిల్లయిన ఇటలీ ఒకటి.

మిలాను నగరవాసి లూయిజీ బెజెరా 1901లో ఆవిరి ఒత్తిడితో పనిచేయు యంత్రమునకు పేటెంటు కోరెను. ఆవిరి వేడికి కాఫీ మాడిన రుచి వచ్చుచుండెను. తరువాత అదే నగరమునకు చెందిన అకిల్లె గాజ్యా, ఆవిరికి బదులు మీటతో వేడినీటిని నొక్కు పద్ధతిని కనిపెట్టెను. 1948 ప్రాంతమున ఆ యంత్రములు వాడుకలోనికి వచ్చినవి. నేటి యంత్రములలో ఈ పనిని విద్యుత్ పంపు చేయుచున్నది.

పీడనము, పొడి మెత్తదనము

మన ఇండ్లలోని ఫిల్టరులో నీరు తన బరువుచేతనే మెల్లగా దిగును. ఎస్ప్రెస్సోలో 90 నుండి 96 సెంటీగ్రేడు డిగ్రీల నీటిని సుమారు 9 వాతావరణముల పీడనముతో పొడిలోనికి త్రోయుదురు. 90 మీటర్లకు పైగా ఎత్తున్న నీటి స్తంభము అడుగున ఉండు ఒత్తిడి ఇంతయే. అట్లు 18 గ్రాముల పొడి నుండి 25, 30 సెకండ్లలో సుమారు 36 గ్రాముల పానీయము వచ్చుట ఒక మంచి కొలత. పొడిలో అయిదవ వంతు, అనగా 3.6 గ్రాములు, నీటిలో కరిగివచ్చును. కావున ఆ పానీయము పదింట ఒక వంతు కాఫీసారముతో చిక్కగా నుండును.

ఈ కాలమును నిర్ణయించునది పొడి మెత్తదనము. ఇసుక పొరల గుండా నీరు ప్రవహించు తీరును ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ దార్సీ 1856లో సూత్రీకరించెను. కాఫీపొడికి కూడ ఆ సూత్రము చాలవరకు వర్తించును. రేణువుల పరిమాణము సగమైనచో, తక్కినవన్నియు సమానముగా నున్నప్పుడు, నీటి కెదురగు నిరోధము సుమారు నాలుగు రెట్లగును. అందుచేతనే పొడిలో కొద్దిపాటి భేదము గిన్నెలో పెద్ద భేదముగా కనబడును. ఫిల్టరు కొరకు బరకగా మరపట్టిన పొడిని వేసినచో నీరు పదిసెకండ్లలోనే జారిపోయి, పానీయము పలుచగా, పుల్లగా నుండును. పొడి మరీ మెత్తనైనచో చుక్కలు చుక్కలుగా దిగి చేదగును. ఈ తప్పును గింజపై మోపుట న్యాయము కాదు.

వేయించుట, తాజాదనము

“ఎస్ప్రెస్సో గింజలు” అను మాటకు సాధారణముగా “కొంచెము ముదురుగా వేయించినవి” అని యర్థము. ముదురుగా వేగిన గింజ పెళుసై, లోని పదార్థములు సులభముగా కరుగును. లేతగా వేగినది గట్టిగా నుండి పులుపు చూపును. దానిని మరింత మెత్తగా పొడిచేసి, నీటిని కొంచెము ఎక్కువ వేడిగా వాడవలెను. పైకి నూనె తేలునంత నల్లగా వేగిన గింజలు మరలో అంటుకొనును గనుక తరచుగా శుభ్రపరచవలసి యుండును.

వేయించునప్పుడు గింజలో బొగ్గుపులుసు వాయువు పుట్టి నిలిచియుండును. ఒత్తిడిలో అది నీట కరిగి, గిన్నెలోనికి రాగానే బుడగలై పైకివచ్చును. సోడాసీసా మూత తీసినప్పుడు జరుగునదియు ఇదియే. కాఫీపై బంగారు వన్నె నురుగు ఇట్లేర్పడును. వేయించిన కొలది దినములలో వాయువు మితిమీరి యుండును. కొన్ని వారములు గడచిన పిదప చాలవరకు పోవును. వేయించిన వారము తరువాత వాడుట మేలు. సంచిపై వేయించిన తేదీని చూచుట “ఎస్ప్రెస్సో” అను పేరును చూచుటకంటె ఉపయోగకరము.

వేయరానివి

చికోరి కలిపిన పొడిని ఈ యంత్రములో వాడరాదు. చికోరి వేయించిన వేరు; కాఫీ గింజ కాదు. కాఫీపొడిలో నీట కరుగగలది సుమారు 30 శాతము మాత్రమే. చికోరిలో అంతకంటె చాల ఎక్కువ కరిగి, తడిసి జిగటగా ముద్దకట్టి జల్లెడ రంధ్రములను మూయును. చక్కెర పూతగల గింజలు మరను పాడుచేయును. రంధ్రములు మూసికొని నీరు దిగనప్పుడు పిడిని వెంటనే ఊడదీయరాదు. లోపలి ఒత్తిడికి వేడినీరు మొగముపై చిమ్మగలదు. యంత్రమును ఆపి, ఒత్తిడి తగ్గిన పిదపనే తీయవలెను.

ఒక ప్రయోగము

సరియైన కొలతను కనుగొనుట విద్యార్థులకు చక్కని ప్రయోగపాఠము. త్రాసు, గడియారము ఉన్న చాలును. పొడి బరువును, పానీయము బరువును మార్చక, మెత్తదనమును మాత్రమే ఒక్కొక్క మెట్టు మార్చి, కాలమును, రుచిని వ్రాసికొనవలెను. వేడినీటితో పని గనుక పెద్దలు దగ్గర నుండవలెను. ఒకేసారి రెండింటిని మార్చినచో ఏ కారణమున ఏ ఫలితము కలిగెనో తెలియదు. ప్రయోగశాలలో పాటించు నియమమే ఇచటను వర్తించును.

కాబట్టి ఎస్ప్రెస్సో కొరకు ఎక్కువ వెలపెట్టి ప్రత్యేకమైన సంచిని కొననవసరము లేదు. తాజాగా వేయించిన చికోరిలేని గింజ ఏదైనను చాలును. ఆ డబ్బును గింజ పేరుపై గాక మంచి మరపై వెచ్చించుట వివేకము.